తరవాణి కుండ, లైన్లో ఒకే ఒక్క ఫ్రిజ్

మా లైన్లో మొదటి ఫ్రిజ్ మా ఇంటికే వచ్చింది. తొంభైల చివరి సంవత్సరాలవి. నర్సీపట్నంలో అప్పటికే చాలా ఇళ్ళలో ఫ్రిజ్‌లు ఉన్నాయి గానీ, మా ఎనిమిదిళ్ళ వరసకి మాత్రం అది కొత్త. విశాఖపట్నం నుంచి వ్యాన్లో దిగిన రోజున పిల్లలంతా దాని చుట్టూ చేరారు. వాళ్ళకి ఫ్రిజ్ కంటే అది వచ్చిన అట్టపెట్టె మీదే కన్ను. దాని కోసం ఇద్దరు జుట్లు పట్టుకున్నారు కూడా.

వంటింట్లో చోటు లేదు. ఉన్న ఒక్క మూలలో మా అమ్మ తరవాణి కుండ ఉంది. "కుండ కాస్త జరపమంటారా అత్తయ్యా?" అని మా ఆవిడ అడిగితే, "అది నా కంటే ముందునుంచీ ఆ మూలనే ఉన్నాది. కొత్తగా ఒచ్చినోల్లే సోటు ఎతుక్కోవాల" అంది అమ్మ. ఆ మాట ఫ్రిజ్‌కా తనకా అన్నది మా ఆవిడకి తేలలేదు. యలమంచిలి నుంచి కోడలిగా వచ్చి అప్పటికి పదేళ్ళు దాటినా, తనని కొత్తగా వచ్చినవాళ్ళ లెక్కలోనే వేసుకుని రెండు రోజులు ముభావంగా ఉంది. ఫ్రిజ్ మాత్రం హాల్లో, వీధి గుమ్మానికి ఎదురుగా కొలువుతీరింది.

తరవాణి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అన్నం వార్చిన గంజి, కాసిన్ని నీళ్ళు మట్టికుండలో పోసి ఉంచితే పులుస్తుంది. రోజూ కొత్త గంజి అందులో చేరుతుంది, రోజూ కొంత బయటికి వస్తుంది. అన్నంలో ఆ పులిసిన నీళ్ళు పోసుకుని, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని పొద్దున్నే తింటే ఎండాకాలంలో మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు. మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె అత్తగారు అప్పగించిన మొదటి పని ఆ కుండ చూసుకోవడమట. కుండ పగిలితే కుండ మారేది గానీ, పాతదాంట్లోంచి ఒక చెంబుడు తీసి కొత్తదాంట్లో పోసేవారు కాబట్టి పులుపు మారలేదు. మా నాన్నకి పని దొరకని రోజుల్లో మేం అన్నదమ్ములం ఆ కుండ మీదే పెరిగాం. తరవాత రోజులు బాగుపడ్డాక కూడా అమ్మ పొద్దున్నే గుమ్మంలో కూర్చుని, చెంబు పట్టుకుని వచ్చినవాళ్ళందరికీ పోసేది. మా లైన్లో తెల్లవారడం అంటే అదే.

నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. లెక్కలంటే మాత్రం చిన్నప్పటినుంచీ ఇష్టం. మేస్త్రీలు ఇంటికొచ్చి గది కొలతలు చెబితే ఇటుకలెన్ని, సిమెంటెన్ని బస్తాలు, ఇసుకెంత అని నోటితో చెప్పేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు. గోడలు చూసి, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నాను. అలాంటివాణ్ణి ఫ్రిజ్ కొనేముందు దాని లోపలి కొలతలు కూడా తీసుకున్నాను. ఐదుగురి సంసారానికి సరిగ్గా సరిపోతుంది. అది ముప్ఫై అయిదుమందికి ఫ్రిజ్ అవుతుందని మాత్రం నా లెక్కకి అందలేదు.

మొదట పక్కింటి మాస్టారు ఇన్సులిన్ సీసా పట్టుకొచ్చారు. కాదనేదేముంది? మర్నాడు ఆదివారం పూజకని ఒకావిడ తడిగుడ్డలో చుట్టిన పూలు తెచ్చింది. చర్చి పెద్ద ఒకాయన ప్రభువు బల్లకి వాడే ద్రాక్షరసం సీసా తెచ్చి, "పైన పెట్టండి బాబూ, కింద పెడితే బాగోదు" అన్నాడు. పూలూ ద్రాక్షరసమూ ఒకే అరలో చేరాయి, ఏ గొడవా లేదు. ఆ తరవాత ఇడ్లీ పిండి, పాలు, చేపల పులుసు, మామిడికాయ పప్పు, పాయసం. ఎవరి గిన్నె ఎవరిదో తెలియడానికి ఇబ్బంది లేదు, స్టీలు సామాన్ల మీద కొన్నప్పుడే పేర్లు చెక్కిస్తారు కదా. తలుపు తీస్తే మా లైన్ జనాభా అంతా అరల మీద కూర్చున్నట్టుండేది.

తలుపు మూసి ఉన్నది తక్కువ. పిల్లలు లోపల దీపం ఎప్పుడు వెలుగుతుందో పట్టుకోవాలని తీసేవాళ్ళు. పెద్దవాళ్ళు తమ గిన్నె భద్రంగా ఉందో లేదో చూసుకోవడానికి తీసేవాళ్ళు. పొయ్యి మీంచి దించిన వేడి గిన్నె అలాగే పట్టుకొచ్చి, "వేడి తగ్గుతాదని" లోపల పెట్టేవాళ్ళు. అన్నిటికంటే పెద్ద సరదా ఇంకోటుంది. చల్లగా తినడం. మంచినీళ్ళు చల్లగా తాగడం అందరికీ తెలుసు. మా లైన్లో చేపల పులుసు చల్లగా, పప్పు చల్లగా తిన్నారు. గరిటె నిలబడిపోయేంత గట్టిగా అయిన పాయసాన్ని చెంచాతో కోసుకుని, "కరెంటు కూర తింటన్నాం మేం" అని వీధిలో చెప్పుకునేవాళ్ళు. వేడి చేస్తే ఫ్రిజ్‌లో పెట్టినట్టు ఎలా తెలుస్తుంది మరి?

ఆ ఏడు ఎండలు ముదిరి వానలు రావలసిన రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళలో వాంతులు, విరేచనాలని పేపర్లో జిల్లా పేజీ నిండా వార్తలు. మైకు కట్టిన ఆటో వీధివీధీ తిరిగింది. నీళ్ళు కాచి తాగండి, చేతులు కడుక్కోండి, నిల్వ ఉన్న ఆహారం తినకండి. జనం నిజంగానే బెదిరారు. బజార్లో కోసిన పుచ్చకాయ కొనేవాడు లేడు. చెరుకురసం బండివాడు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. పెళ్ళి భోజనానికి వెళ్ళినవాళ్ళు పెరుగు వడ్డించే మనిషిని, "ఎప్పటిదండీ?" అని అడగడం మొదలెట్టారు. మా లైన్లో మాత్రం ధైర్యం. "మనకేటి? మనది ఫ్రిజ్‌లో ఉన్నాది."

ఒక సోమవారం తెల్లవారుతూనే ఆ ధైర్యం పోయింది. మా ఎనిమిదిళ్ళకీ కలిపి వెనకవేపు రెండే మరుగుదొడ్లు. అక్కడ నిలబడ్డ వరస చూసి విషయం అర్థమైంది. ఆ వరసలో నేనూ ఉన్నాను. ముందున్నాయన్ని, "బాబ్బాబు, బేగి రండి" అని బతిమాలుకున్నాను. ఏడుగురం పడ్డాం. అందరికీ ఒకటే, వాంతులు, విరేచనాలు, ఒళ్ళు వెచ్చబడటం.

మధ్యాహ్నానికి ఆసుపత్రి నుంచి సిస్టరమ్మ వచ్చింది. మాటలో కరుకు, చేతిలో మెత్తదనం ఉన్న మనిషి. ఉప్పు-పంచదార పొడి పొట్లాలు పంచి, నీళ్ళలో ఎలా కలపాలో ఇంటింటా చూపించి, తాగేదాకా కదల్లేదు. తరవాత మా గుమ్మంలో నిలబడి, "మీ లైన్లో నిల్వ ఉన్నవి ఏం తింటున్నారు?" అని అడిగింది.

అందరూ మా అమ్మ వేపు చూశారు. చివరింటి ఆవిడ నోరు విప్పింది. వాళ్ళు రోలుగుంట వేపు రైతులు. పిల్లల చదువులకని ఇక్కడ అద్దెకుంటున్నారు.

"నిల్వదంటే మా పిన్ని కుండేనమ్మా."

"ఓలమ్మో! నిన్న పొద్దున రెండు చెంబులు పట్టికెల్లినావు కదే!" అంది అమ్మ.

"అందుకే సెప్తన్నాను పిన్నీ. మా ఆయన రాత్రినుంచి లెగనేదు."

సిస్టరమ్మ వంటింట్లోకి వెళ్ళి కుండ మూత తీసి వాసన చూసి, తల వెనక్కి తీసుకుంది. "ఎప్పటిదమ్మా ఇది?"

"మా అత్తగారప్పటిది."

"కుండ సంగతి కాదు మామ్మగారూ, లోపల నీళ్ళు."

"నానూ నీల్ల సంగతే సెప్తన్నాను. నీ కంటే పెద్దది. మీ అమ్మ కంటే కూడా పెద్దదేమో."

గుమ్మంలో ఉన్నవాళ్ళు, నీరసంగా ఉన్నా, నవ్వారు. సిస్టరమ్మ నవ్వలేదు. "ఊళ్ళో పరిస్థితి బాగాలేదు. పారబోసెయ్యండి. శుక్రవారం మళ్ళీ వస్తాను" అని వెళ్ళిపోయింది. ఆవిడ తప్పేం లేదు. ఆ స్థానంలో ఎవరున్నా అదే చెబుతారు.

మర్నాడు పొద్దున్న అమ్మ ఎప్పటిలాగే గుమ్మంలో కూర్చుంది. ఒక్క చెంబూ రాలేదు. ఎదురింటి పిల్ల గిన్నె పట్టుకుని గడప దిగితే వాళ్ళమ్మ రెక్క పట్టుకుని లోపలికి లాగింది. అమ్మ అది చూసి, చూడనట్టు కొంగు సర్దుకుంది. ఎండ గుమ్మంలోకి వచ్చాక లేచి లోపలికొచ్చి నా మంచం పక్కన కూర్చుంది.

"ఒరే, నలుగురికి అన్నం పెట్టిన సేత్తో రోగం పెట్టినానంటే నమ్మలేకపోతన్నాను. అలగని కాదని ఎలగ సెప్పను? నాకు సదువా, సట్టుబండలా? నువ్వు ఇటుకలు లెక్క కడతావు కదా, ఇదీ కట్టు. నాదే తప్పయితే నా సేత్తో నానే పారబోస్తాను. కాకపోతే మాత్రం ఒక్క సుక్క వొలకనివ్వను."

శుక్రవారం దాకా గడువు. నాకు అప్పటికి కాస్త ఓపిక వచ్చింది. గోడ బీటలు వారిందని పిలిస్తే మేస్త్రీలంతా బీట దగ్గరికే పోతారు. నేను ముందు బీట లేని గోడలు చూస్తాను. అదే ఇటుక, అదే పునాది అయితే వీటికెందుకు రాలేదు? కాబట్టి జబ్బుపడ్డవాళ్ళనే కాదు, పడనివాళ్ళని కూడా అడగాలనుకున్నాను. మా ఆవిడ వెంట వచ్చింది. "ఇంట్లో ఏం వండారో ఆడవాళ్ళు మీకు చెబుతారా? పండగ వంటలు చెబుతారు" అంది. నిజమే. నేనడిగితే, "పులిహోరండీ, పూర్ణాలండీ" అన్న ఇంట్లోనే, తనడిగితే, "మొన్నటి పప్పేనమ్మా" అని బయటపడింది.

లైన్ మొత్తం ముప్ఫై అయిదుగురం. ఆదివారం పొద్దున్న తరవాణి తాగినవాళ్ళు పాతికమంది. వాళ్ళలో జబ్బుపడింది ఐదుగురు. తాగనివాళ్ళు పదిమంది. వాళ్ళలో ఇద్దరు. జబ్బుపడ్డ ఏడుగురిలో ఐదుగురు తాగినవాళ్ళేనంటే కుండ దోషిలాగే కనిపిస్తుంది. అటు పాతికలో ఐదు, ఇటు పదిలో రెండు అని పక్కపక్కన పెడితే రెండూ ఒకటే, ఐదింట ఒకటి. తాగినా తాగకపోయినా తేడా లేదు. నాకు ఊపిరి వచ్చింది. అయితే కుండ కాదని తేలడం వేరు, మరి ఏది అన్నది తేలడం వేరు. ఆ రెండోది లేకుండా చివరింటావిడ ఒప్పుకోదు.

తిన్నవి చూస్తే ఏడుగురివీ ఏడు దారులు. నేను చేపల పులుసు తిన్నాను. ఇంకో ఇంట్లో పాయసం. ఇంకో ఇంట్లో పెరుగు గారెలు. చివరింటాయన మామిడికాయ పప్పు. ఒక్క వంటకమూ కలవలేదు. పైగా మాస్టారూ, వాళ్ళావిడా మా పులుసే పట్టుకెళ్ళి తిని హాయిగా ఉన్నారు.

మాస్టారి భార్యని మా ఆవిడే అడిగింది. "పిన్నిగారూ, చల్లగానే తిన్నారా?"

"నాకా పెట్టె మీద నమ్మకం లేదే అమ్మాయ్. లోపల దీపం వెలుగుతుంది గానీ, దీపానికేం తెలుస్తుంది? తెచ్చిందేదైనా కుతకుతలాడే దాకా మళ్ళీ మరిగిస్తాను. మాస్టారు చల్లగా కావాలని అలుగుతారు. అలగనీ."

మా ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను తన మొహంలోకి చూశాను. వెనక్కి తిరిగి, అడిగిన ఇళ్ళకే మళ్ళీ వెళ్ళి ఒక్క ప్రశ్న వేశాం. ఆదివారం రాత్రి ఫ్రిజ్‌లోది వేడి చెయ్యకుండా తిన్నవాళ్ళు ఎవరు? తొమ్మిదిమంది. వాళ్ళలో ఏడుగురు పడ్డారు. మిగతా ఇరవయ్యారుమందిలో ఒక్కరంటే ఒక్కరు లేరు. తొమ్మిదిలో పడని ఇద్దరూ తిన్నది బిగుతు మూత ఉన్న డబ్బాలోని కొబ్బరిపచ్చడి.

ఇంటికొచ్చి ఫ్రిజ్ ఖాళీ చేశాం. పై అరలో పూల వెనక, శనివారం సాయంత్రం ఒకింటివాళ్ళు పెట్టి ఆదివారం తీసుకెళ్ళిన కోడిమాంసం కవరు తాలూకు గుర్తు దొరికింది. ఊచల మీద ఎర్రటి నీరు కారి ఎండిన చారలు. కింది అరలో మూత లేని గిన్నెలు ఎక్కడెక్కడ ఉండేవో సరిగ్గా అక్కడికి దిగాయి. ఆ కోడి ఎవరిదో ఇప్పటికీ చెప్పను. వాళ్ళు ఇంకా మా లైన్లోనే ఉన్నారు, మంచివాళ్ళు. ఆ శనివారం రాత్రంతా కరెంటు వస్తూ పోతూ ఉంది కూడా.

ఫొటో స్టూడియో నడిపే స్నేహితుడి దగ్గర, ఫొటోలు కడిగే మందునీళ్ళ వేడి చూసుకునే థర్మామీటరు ఒకటి ఉండేది. అడిగి తెచ్చాను. గిన్నెలన్నీ యథాప్రకారం పెట్టించి, మధ్యలో గ్లాసుడు నీళ్ళలో దాన్ని నిలబెట్టాను. లైన్‌ని ఎప్పటిలాగే తలుపు తియ్యనిచ్చాను. సాయంత్రం చూస్తే పదిహేడు డిగ్రీలు. ఆ అంకె మంచిదో చెడ్డదో నాకు తెలియదు.

శుక్రవారం సిస్టరమ్మ వచ్చింది. లైన్ మొత్తం మా హాల్లో చేరింది. అమ్మ మాత్రం వంటింట్లో కుండ పక్కన పీట వేసుకుని కూర్చుంది, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు. నేను అంకెలన్నీ చెప్పాను. పదిహేడు అనగానే సిస్టరమ్మ కనుబొమలు లేచాయి.

"పదిహేడా? మా టీకాల ఫ్రిజ్‌కి ఇలాంటిదే ఉంటుందండీ, పొద్దునా సాయంత్రం చూస్తాం. ఎనిమిది దాటితే మా డాక్టరుగారు ఊరుకోరు. తిండికైతే ఐదు లోపు ఉండాలి. పదిహేడంటే మీరు రోగాలని పెంచుకుంటున్నారు." తరవాత నేను వెయ్యని ప్రశ్న వేసింది. "ఫ్రిజ్‌లో చల్లటిది ముట్టకుండా, తరవాణి మాత్రం తాగినవాళ్ళు ఎంతమంది?"

వేళ్ళ మీద కట్టి చూసుకున్నాను. "పద్దెనిమిది."

"వాళ్ళలో ఎంతమందికి?"

"ఒక్కరికీ లేదండీ."

మాస్టారు గొంతు సవరించుకుని, "చల్లగా తిననివ్వలేదని నేను అలిగాను. ఆ అలక ఉపసంహరించుకుంటున్నాను" అన్నారు. అందరూ నవ్వారు.

సిస్టరమ్మ వంటింటి గుమ్మంలోకి వెళ్ళింది. "మామ్మగారూ, పరీక్ష చేయిస్తే తప్ప ఏ క్రిమి అన్నది నేను చెప్పలేను. లెక్క మాత్రం మీ కుండ వేపు లేదు. బాగా పులిసిన నీళ్ళలో ఆ రోగాలకి బతకడం కష్టం. అలాగని ఏ చద్ది అయినా మంచిదని నేను చెప్పినట్టు లైన్లో చెప్పకండి. ఉత్త అన్నం రాత్రంతా బయటుంచి తింటే అది వేరు. ఇంకొక్క మాట. ఇందాక నేను వచ్చేసరికి మీరు మీకోసం ముంచుకుంటుంటే చూశాను, చెంబుతోపాటు చెయ్యి మణికట్టు దాకా మునుగుతోంది."

"కడుక్కునే ముంచుతాను."

"మీరు కడుక్కుంటారు. మీరు లేనప్పుడు ముంచేవాళ్ళు?"

అమ్మ చివరింటావిడ వేపు చూసింది. ఆవిడ చేతులు కొంగులో దాచుకుంది. "సరే" అంది అమ్మ. "పొడుగు కాడ ఉన్న కొబ్బరిచిప్ప గరిటె తెప్పిస్తాను. అది తప్ప ఇంకేటీ దిగదు. సాలా?"

"చాలు. కాస్త నాకూ పోస్తారా? ఎండలో వచ్చాను."

"నిల్వది కదమ్మా" అంది అమ్మ, మొహం గంభీరంగా పెట్టి. "మీ అమ్మ కంటే పెద్దది. నీకేటైనా అయితే ఊరంతా మైకులో సెప్తారు."

ఈసారి సిస్టరమ్మ నవ్వింది. అమ్మ గరిటె వచ్చేదాకా ఆగలేదు. చేతులు మోచేతుల దాకా రుద్ది కడిగి, అందరికీ చూపించి మరీ గ్లాసులో పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి ఇచ్చింది. సిస్టరమ్మ మొదటి గుక్కకి కళ్ళు మూసుకుంది. ఇష్టమైందో, పులుపు అంత గట్టిగా తగిలిందో తెలియదు. గ్లాసు మాత్రం ఖాళీ చేసింది.

ఫ్రిజ్ సంగతి మిగిలింది. ఇకనుంచి మా ఇంటి గిన్నెలు తప్ప ఇంకేవీ పెట్టకూడదని నేనన్నాను. మా ఆవిడా తలూపింది. అమ్మ ఒప్పుకోలేదు. "వాల్లు నా కుండ వొద్దన్నారని మనం ఈ పెట్టె వొద్దంటే ఇంక లైన్లో ఎలగ ఉంటాం?" అంది. అలా అని తనే ఒక దారి చెప్పింది. థర్మామీటరు లోపలే ఉండాలి, ఎర్ర గీత ఎక్కడ దాటకూడదో అక్కడ ఒక దారం కట్టాలి. చదువు రాకపోయినా గీత, దారం చూడటం తనకి వచ్చు. స్నేహితుడికి థర్మామీటరు తిరిగి ఇవ్వలేదు, కొత్తది కొనిపెట్టాను.

ఆ మర్నాటి నుంచి మా ఫ్రిజ్‌కి కాపలా అమ్మే. మాంసం, చేప అన్నిటికంటే కింది అరలో, గిన్నెలో పెట్టి మూతపెడితేనే. మూత లేని గిన్నెకి గుమ్మం దాటే అర్హత లేదు. గిన్నె అడుగున చెయ్యిపెట్టి చూసి, "ఇంకా కాలతన్నాది, సల్లారినాక రా" అని పంపేసేది. పట్టుకెళ్ళేటప్పుడు, "మరిగించు" అని వెనకనుంచి కేకేసేది. పాయసం చల్లగా తినాలనుకున్నవాళ్ళు బిగుతు మూత డబ్బా చూపించి, వండింది ఎప్పుడో చెప్పి, బతిమాలుకోవాలి. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపుకి ఆనించి కుర్చీ వేసుకుని కూర్చునేది. "ఇన్సులిన్ కోసమండీ" అని మాస్టారు వస్తే ఆయనొక్కరికే లేచేది.

మొదటి వారం చివరింటావిడ రాలేదు. మొహం చెల్లలేదు. ఎనిమిదో నాడో, తొమ్మిదో నాడో పొద్దున్నే అమ్మ ఫ్రిజ్ తలుపు కొంచెం తీసి, గీత చూసి, వెంటనే మూసి వీధిలోకి కేకేసింది. "గీత దారానికి కిందనే ఉన్నాది! తెచ్చుకునేవోల్లు తెచ్చుకోండర్రా!"

చివరింటి తలుపు తెరుచుకుంది. ఆవిడ ఒక చేత్తో మూతపెట్టిన గిన్నె, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ..."

అమ్మ ముందు గిన్నె అందుకుని, మూత బిగుతుగా ఉందో లేదో ఊపి చూసి, పక్కన పెట్టింది. తరవాత కొబ్బరిచిప్ప గరిటె తీసుకుంది.

"ఒక సెంబేనేటి తెచ్చినావు? రోజూ రెండు కదా" అంది.